నిలిపినోళ్ళ పట్టీ

కంప్యూటర్లకు కూడా మర్యాద నేర్పాలని నాకు ఒక ఈమెయిల్ చూశాకే తెలిసింది.

హోసూరులో మా ఆఫీసు ఒక బేకరీ మీద, మొదటి అంతస్తులో ఉంది. మొత్తం ఐదుగురం. పొద్దున పదింటికి కింద బన్నులు కాలే వాసన పైకొస్తుంది. ఆ వాసనకు ఆకలేసి పని మొదలుపెట్టడం రోజూ కాస్త ఆలస్యమవుతుంది. ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఉండే మిషన్లకు సాఫ్ట్‌వేర్ రాయడం మా పని. వచ్చిన మనిషి మిషన్ మీద వేలు పెడతాడు. పచ్చ లైటు వెలిగితే లోపలికి పోతాడు, ఎర్ర లైటు వెలిగితే బయటే నిలబడతాడు. చూసేవాళ్ళకు ఇంతే. ఈ ఇంతే వెనక తొమ్మిదేళ్ళ నా చాకిరీ ఉంది. మొదటి అక్షరం నుంచి రాసింది నేనే కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరేమన్నా మా పుట్టింటిని అన్నట్టే ఉంటుంది నాకు.

మా మిషన్లు వాడే ఫ్యాక్టరీల్లో ఒకదాన్ని ఆ మధ్య ఒక విదేశీ కంపెనీ కొన్నది. వాళ్ళ హెడ్డాఫీసు వాళ్ళు మా సాఫ్ట్‌వేర్‌ని అంతా గాలించి చాలా మర్యాదగా ఉత్తరం రాశారు. ఇందులో కొన్ని మాటలు మనుషులను నొప్పించేలా ఉన్నాయి, దయచేసి రెండు వారాల్లో మార్చండి అని. కింద పట్టీ ఇచ్చారు. మాస్టర్, స్లేవ్, బ్లాక్ లిస్ట్, వైట్ లిస్ట్.

ఇవి నేను కనిపెట్టిన మాటలు కావు. ఈ పని చేసేవాళ్ళంతా ఏళ్ళ తరబడి వాడుతున్నవే. మెయిన్ గేటులో ఉన్న మిషన్ మాస్టర్, అంటే యజమాని. సరుకుల గేటు, క్యాంటీన్ గేటు మిషన్లు దాని మాట వినే స్లేవులు, అంటే బానిసలు. ఏ ప్రశ్నా లేకుండా లోపలికి పంపాల్సిన వాళ్ళ పేర్లు వైట్ లిస్ట్‌లో, అడుగు పెట్టనివ్వకూడని వాళ్ళ పేర్లు బ్లాక్ లిస్ట్‌లో ఉంటాయి.

ఉత్తరం చదివి నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. నాకు ఈ రెండూ ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ సంగతి తెలుసు కాబట్టి మా ఇంట్లో వాళ్ళు నేను నవ్వగానే జాగ్రత్త పడతారు.

మా ఓనరుకు ఇంట్లో తమిళం. మాతో తెలుగు మాట్లాడతాడు, కోపమొస్తే తమిళంలోకి, భయమేస్తే ఇంగ్లీషులోకి మారతాడు. ఆ రోజు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు కాబట్టి కస్టమర్ పోతాడని భయపడుతున్నాడని అందరికీ అర్థమైంది. ఒక్కొక్కరి అభిప్రాయం చెప్పమన్నాడు. నేను ముందే లేచాను. క్యాంటీన్ గేటు మిషన్ తొమ్మిదేళ్ళుగా బానిసగా ఉంది, ఒక్కసారి కూడా నాకు ఫిర్యాదు చేయలేదు. మెయిన్ గేటు మిషన్ యజమాని అయినా ఏనాడూ కాలు మీద కాలేసుకుని కూర్చోలేదు. వాటికి లేని బాధ సముద్రాల అవతల వాళ్ళకెందుకు అన్నాను. అందరూ నవ్వారు, ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరు కృష్ణగిరి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. మా ఆఫీసులో చేరి ఎనిమిది నెలలు. జుట్టంతా గాలికి రేగిపోయి వస్తుంది, బ్యాగులోంచి దువ్వెన బదులు లాప్‌టాప్ తీస్తుంది. తెలివైన పిల్ల, మాట మెత్తన. మెత్తని మాటతో ఎంత లోతుకు గుచ్చవచ్చో ఆ పిల్ల దగ్గరే చూశాను. మిషన్‌కు బాధ లేదు గానీ దాని మీద రాసింది చదివే మనిషికి ఉంటుంది కదా అన్నది. చదివేదెవరు, ఆ లోపలి రాత నేను, దేవుడు, ఈ మధ్య నువ్వు, ఈ ముగ్గురమే కదా చదివేది అన్నాను. బ్లాక్ లిస్ట్ మాట లోపల కాదు, ఎర్ర లైటుతో పాటు గేటు దగ్గర స్క్రీన్ మీద ఇంతింత అక్షరాలతో వస్తుంది అని గుర్తుచేసింది. అది నిజమే. ఇంగ్లీషులో, తమిళంలో, తెలుగులో, కన్నడంలో వస్తుంది. అప్పట్లో అనువదించే ఓపిక లేక ఆ ఇంగ్లీషు మాటనే మిగతా మూడు లిపుల్లోనూ దించేశాను.

తర్వాత ఆ పిల్ల అందరి ముందూ కాకుండా, నా పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగింది.

“అక్కా, మీరూ నలుపే, నేనూ నలుపే. మంచోళ్ళది వైటు, చెడ్డోళ్ళది బ్లాకు అని మీ చేత్తోనే రాసినారు గదా. రాసేటప్పుడు మీకేమీ అనిపించలేదా?”

నాకేమీ అనిపించలేదు. అదే అవమానం. వేప్పనపల్లి దగ్గర మా ఊరికి నన్ను చూడ్డానికి వచ్చిన పెళ్ళివారు మా తోట మామిడిపళ్ళు కడుపునిండా తిని, చేతులు కడుక్కుంటూ, పిల్ల నలుపైనా కళగా ఉందని అన్నారు. ఆ ‘నలుపైనా’ని నేను ఇరవై ఏళ్ళుగా మరిచిపోలేదు. ఆ మాట అన్న మనిషి ఇప్పుడు ఎదురుపడినా మొహం తిప్పుకుంటాను. అలాంటి నేను, చెడ్డవాళ్ళ పేర్ల మీద నలుపు అని రాసి, పైగా అది నా సొంతమని పోట్లాడుతున్నాను. ఆ పిల్ల అడిగింది న్యాయమే. న్యాయం కాబట్టే ఇంకా మండింది. మార్చేదేమీ లేదు, పని చూసుకో అన్నాను.

మాస్టర్, స్లేవ్ సంగతి మాత్రం ఓనరు వెంటనే తేల్చాలన్నాడు. భోజనాల దగ్గర కూర్చున్నాం. బదులు ఏం పెడదామని అడిగి, తనే అన్న, తమ్ముడు అని పెడదామన్నాడు. మా వైపు అన్నదమ్ములు చేను పంచుకున్నాక కంచె అవతల నుంచి పిలిచినా పలకరు, క్యాంటీన్ గేటు పలకడం మానేస్తే నా పూచీ లేదని చెప్పాను. అత్త, కోడలు అన్నారెవరో. ఓనరు ముద్ద చేతిలో పట్టుకుని ఒకసారి తలుపు వైపు చూశాడు. వాళ్ళమ్మ, భార్య ఒకే ఇంట్లో ఉంటారు. అది వద్దు అన్నాడు, తమిళంలో. గురువు, శిష్యుడు అంటే శిష్యుడు గురువును మించిపోతాడేమోనని మరొకరికి సందేహం. ఇలా రెండు రోజులు నడిచింది. చివరికి కృష్ణగిరి అమ్మాయి ఫ్యాక్టరీకి ఫోన్ చేసి అక్కడి సెక్యూరిటీ వాళ్ళు ఆ మిషన్లను ఏమని పిలుస్తారో అడిగింది. పెద్ద గేటు మిషన్, చిన్న గేటు మిషన్ అంటారట, మొదటి నుంచీ. ఐదుగురు ఇంజనీర్లం రెండు రోజులు తిన్న తిండి దండగ అయింది.

ఇక మిగిలింది బ్లాక్ లిస్ట్, దాని జత వైట్ లిస్ట్. అక్కడ నేను కదలలేదు. మాటలదేముంది, మనిషి బుద్ధి మంచిదైతే చాలు అని ఆ సాయంత్రం గట్టిగా ఉపన్యాసం ఇచ్చి, బ్యాగు భుజాన వేసుకుని, పోయొస్తా అని బయల్దేరాను. ఆ పిల్ల కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

“అక్కా, మాటలదేమీ లేదు గదా. ఈ ఒక్కసారి ‘పోతా’ అని పొండి చూస్తాము.”

తలుపు దగ్గర ఆగిపోయాను. ఇల్లు వదిలేటప్పుడు గానీ ఆఫీసు వదిలేటప్పుడు గానీ ఒట్టి ‘పోతా’ అని నేను పుట్టాక అనలేదు. మా అమ్మ వింటే వెనక్కి పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపుతుంది. మా వంటింట్లో బియ్యం అయిపోయాయని ఎవరూ అనరు, నిండుకున్నాయి అంటారు. దీపం ఆరదు, కొండెక్కుతుంది. నేను అటు తిరిగి, ఇంకొకసారి, పోయొస్తా అనే చెప్పి మెట్లు దిగాను. మత్తిగిరిలో మా ఇంటి దాకా స్కూటర్ మీద ఆ పిల్లకు ఇవ్వాల్సిన జవాబులు ఎన్నో తట్టాయి, ఒక్కటీ బాగాలేదు.

మర్నాడు ఓనరు విసిగిపోయి, కొత్త స్క్రీన్లను ఎలాగూ గేటు దగ్గర పరీక్షించాలి, అక్కడే వాడేవాళ్ళను అడిగి ఏదో ఒకటి తేల్చుకు రండి అని మా ఇద్దరినీ ఫ్యాక్టరీకి పంపాడు.

ఆ గేటులో ఉండే సెక్యూరిటీ పెద్దాయనను నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. అంచెట్టి వైపు కొండల్లో గొర్రెలు మేపుకునే కుటుంబం. అరవై దాటినా ఇంకా నిటారుగా నిలబడతాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో మాట్లాడతాడు. ఒక సీసాలో మజ్జిగ తెచ్చుకుని వచ్చినవాళ్ళకల్లా పోస్తాడు. ఆయన కూర్చునే బెంచీ కింద ఒక పాత చెప్పుల జత ఎప్పుడూ ఉంటుంది. ఆయన కాళ్ళకు బూట్లుంటాయి కాబట్టి ఆ చెప్పులెవరివో అని నేనెప్పుడూ అడగలేదు.

ఎర్ర లైటు వెలిగినప్పుడు ఆ మనిషితో మీరు ఏమంటారని కృష్ణగిరి అమ్మాయి అడిగింది. ఆ ఇంగ్లీషు మాట తనకు నోరు తిరగదని, నిన్ను నిలిపినారప్పా అని చెప్పి పక్కన కూర్చోబెడతానని అన్నాడు. నిలిపినోళ్ళ పట్టీ అని ఆ పిల్ల వెంటనే పుస్తకంలో రాసుకుంది. ఇంత సులువుగా కస్టమర్ గొడవ తీరిపోతున్నందుకు నాకు కాస్త నిరాశగా ఉంది. అప్పుడు పెద్దాయన నన్ను అడిగాడు.

“నిలిపేది సరే అమ్మా. ఎన్నాళ్ళకని ఆ మిషన్ చెప్పదు గదా?”

ఎన్నాళ్ళకేంటప్పా, అందులో పేరు ఎక్కితే ఎప్పటికీ అంతే అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను. ఆయన మజ్జిగ సీసా మూత బిగించి పక్కన పెట్టాడు. తర్వాత వాళ్ళ ఊరి పద్ధతి చెప్పాడు. అక్కడ ఎవరైనా మందను ఇంకొకరి చేలోకి తోలినా, కొట్లాటకు పోయినా పెద్దలు కూర్చుని ఆ మనిషిని నిలుపుతారు. ఎవరూ పిలవరు, దొడ్డి దగ్గరికి రానివ్వరు. కానీ నిలిపిన రోజునే, అదే కూర్చోవడంలో, కలుపుకునే దినం కూడా చెప్పేస్తారు. అమావాస్య దాకా అనో, రాగి కోత దాకా అనో. ఆ దినం ఆ మనిషి ముంత నిండా మజ్జిగ తెస్తాడు, అందరూ తాగుతారు.

“ఆ మజ్జిగ తాగినాక ఆ తప్పు మళ్ళీ ఎవురూ ఎత్తకూడదమ్మా. ఎత్తినోడే తప్పు కట్టల్ల. దినం పెట్టకుండా మనిషిని నిలిపేది మా దాంట్లో లేదు.”

ఫ్యాక్టరీ వేరు, గొర్రెల దొడ్డి వేరు అని నేనేదో అనబోయాను. ఆయన వంగి బెంచీ కింది చెప్పులను బయటికి లాగి చూపించాడు. వాటి సొంతదారు గురించి ఆయన చెప్పింది నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ మనిషిది కూడా అంచెట్టి వైపు పల్లె. మూడేళ్ళ కిందట ఇదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు హెల్పరు. ఒకరోజు మధ్యాహ్నం, పొద్దుటి నుంచీ ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ పల్లెకు మధ్యాహ్నం పోయే బస్సు తప్పితే ఆ రోజుకు ఇంకొకటి లేదు. సంతకం పెట్టాల్సిన సూపర్‌వైజరు మీటింగులో ఉన్నాడు. ఈయన కాసేపు కాళ్ళు కాలినట్టు తిరిగి, సరుకుల గేటులోంచి బయటికి పోతున్న క్యాంటీన్ కూరగాయల బండి ఎక్కేశాడు. కంపెనీ ఇచ్చిన బూట్లు కాళ్ళకే ఉండిపోయాయి, సొంత చెప్పులు గేటు గదిలో ఉండిపోయాయి. ఆవు బతికింది, దూడ కూడా బతికింది. మూడో రోజు ఆయన బూట్లు కడిగి, ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని వచ్చి వేలు పెడితే ఎర్ర లైటు వెలిగింది. కంపెనీ సొత్తుతో పరారీ అని ఎవరో ఎక్కించేశారు.

ముందు బూట్లు అప్పజెప్పు, తర్వాత చూద్దాం అన్నారట ఆఫీసులో. బూట్లు లోపలికి పోవాలంటే గేటు చీటీ కావాలి. బ్లాక్ లిస్ట్‌లో ఉన్న మనిషికి మిషన్ చీటీ ఇవ్వదు. కాబట్టి బూట్లు పోవు, కాబట్టి పేరు పోదు. మా మిషన్లున్న మిగతా ఫ్యాక్టరీలకు కూడా అదే పట్టీ పోతుంది, అక్కడా ఎర్ర లైటే. ఆ మరుసటి ఏడాది ఏనుగులు కొండ దిగి ఆయన రాగి చేను తొక్కేశాయి. ఇప్పుడు హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటల్లో పిలిచిన రోజు కూలికి పోతున్నాడు. ఈ వైపు వచ్చినప్పుడల్లా ఆ కవరు చంకలో పెట్టుకుని వస్తాడు, వేలు పెడతాడు, ఎర్ర లైటు చూసి, మజ్జిగ తాగి పోతాడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ బూట్లు తొడగలేదట.

ఆఫీసులో అడగలేదా అన్నాను, నీరసంగా. అడిగామని, మిషన్లో తీసే దారి లేదన్నారని పెద్దాయన చెప్పాడు. ఆ దారి ఎవరు పెట్టాలమ్మా అని నన్నే అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగా తెలియక అడిగాడు. కృష్ణగిరి అమ్మాయి నా మీద జాలిపడి రోడ్డు మీది లారీలను చూడసాగింది.

ఎందుకంటే చీటీ ఇవ్వొద్దన్న షరతు రాసింది నేనే. తీసే బటన్ పెట్టనిదీ నేనే. తొమ్మిదేళ్ళ కిందట మా ఓనరు అడిగాడు, పేరు తీసేయడానికి ఏదైనా పెట్టాలా అని. బ్లాక్ లిస్ట్ అంటే బ్లాక్ లిస్టే సార్, అందులోంచి బయటికి రావడమేంటి అని నేను నవ్వాను. ఆయన కూడా మెచ్చుకున్నాడు, మన సాఫ్ట్‌వేర్ కడక్ అని కస్టమర్లకు చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు నేను ఆలోచించనే లేదు. ఆ పేరే నా బదులు ఆలోచించేసింది. నిలిపినవాళ్ళు అని పెట్టి ఉంటే, ఎప్పటిదాకా అని ఎవరో ఒకరు అడిగి ఉండేవాళ్ళు. గొర్రెలు కాసే ఇంటి మనిషికి ఆ ప్రశ్న ఒక్క క్షణంలో తట్టింది. మాటలదేముంది అని ఉపన్యాసమిచ్చిన నాకు తొమ్మిదేళ్ళు తట్టలేదు. సిగ్గేసింది నాకు. అది దాచుకోవడానికి తిరుగు దారంతా ఆ పిల్ల మీద, రోడ్డు మీద గుంతల మీద, సిగ్నల్ మీద విసుక్కున్నాను.

ఆఫీసుకు రాగానే పట్టీ పేరు మార్చాను, వైట్ లిస్ట్ పేరు కూడా. ఈసారి నాలుగు భాషల్లో నాలుగు అసలైన మాటలు పెట్టాను, తమిళం ఓనరు చెప్పాడు, కన్నడం కింద బేకరీ ఆయన చెప్పాడు. దాంతో ఆగితే ఉత్తరానికి జవాబు అయిపోయేది. ఆగలేదు. పేరు పక్కన ఇంకో గడి పెట్టాను, ‘ఎప్పటివరకు’ అని. అది నింపకపోతే పేరు ఎక్కదు. ఆ దినం వస్తే పేరు దానంతటదే దిగిపోతుంది. వస్తువు తిరిగి ఇవ్వడానికి వచ్చిన వాడికి పట్టీలో ఉన్నా చీటీ వస్తుంది. పనిలో పనిగా, నా కోపం కొద్దీ, పాత పేర్లన్నిటికీ దినం పెట్టేదాకా ఫ్యాక్టరీ ఆఫీసరుకు ఇంకే స్క్రీన్ తెరుచుకోకుండా చేశాను.

కృష్ణగిరి అమ్మాయి నా వెనక నిలబడి అంతా చూసింది. అక్కా, పేరు మార్చడం దండగ అన్నారు కదా, ఇల్లు కూడా మార్చేస్తున్నారే అన్నది. పని చూసుకో అన్నాను. ఈసారి అదే మాట ఇద్దరికీ నవ్వు తెప్పించింది.

మా ఓనరు మాత్రం తల పట్టుకున్నాడు. కస్టమర్ అడిగింది పేరు మార్చమని, పద్ధతి మార్చమని కాదు. పైగా హెడ్డాఫీసు వాళ్ళ ఫారంలో చివరి ప్రశ్న, ఈ మార్పు వల్ల సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు మారుతుందా అని. లేదు అని రాయాలి, లేకపోతే ఇంకో ఆరు నెలలు పరీక్షలు పెడతారు. ఒక పూటంతా ఇంగ్లీషులో వాదించాడు. నేను వెనక్కి తగ్గలేదు. ఆ మూడేళ్ళ బూట్ల కథ చెప్పాను. ఆయన చాలాసేపు విని, చివరికి తెలుగులోకి వచ్చి, ఆవుకు ఏ దూడ పుట్టింది అని అడిగాడు. అప్పుడే తెలిసింది ఒప్పుకున్నాడని. ఫారంలో ‘కొద్దిగా’ అని రాశాడు. వాళ్ళు ఆ ‘కొద్దిగా’ గురించి ఇంతవరకు ఏమీ అడగలేదు.

ఫ్యాక్టరీ ఆఫీసరు నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. స్క్రీన్ తెరుచుకోవడం లేదు, ఇన్ని పాత పేర్లకు దినాలు ఎవడు పెడతాడు, భోజనం టైమవుతోంది అని. మనుషులను గౌరవించాలని మీ హెడ్డాఫీసు పట్టుదల సార్ అని చాలా వినయంగా చెప్పాను. ఆయన ఒక్కొక్క పేరూ చదివి, విచారించి, దినం పెడతాడని నేను ఆశించాను. ఆయన ఏడాది దాటిన పేర్లన్నిటినీ ఒకేసారి పట్టి, అన్నిటికీ వచ్చే సోమవారం అని పెట్టేసి అన్నానికి లేచాడు. ఎంతమంది కాళ్ళకు పడిన ముడి అలా విడిపోయిందో నాకు తెలియదు. న్యాయం కోసం కాదు, ఆకలి కోసం.

పెద్దాయన ఆ మనిషికి కబురు పంపాడు. సోమవారం పొద్దున, మిషన్ పరీక్ష అని ఓనరుకు చెప్పి, నేనూ కృష్ణగిరి అమ్మాయీ గేటు దగ్గరికి పోయాం. పది దాటాక వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, బక్కపలచని మనిషి, చొక్కాకు గొంతు దాకా గుండీలు పెట్టుకున్నాడు. చంకలో కవరు ఉంది. గులాబీ ముళ్ళు గీరిన చేతులు. మిషన్ మీద వేలు పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. ఆయన కదలలేదు. మిషన్ చెడిపోయిందనుకున్నట్టున్నాడు, వేలును చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పచ్చ లైటే. అప్పుడు పెద్దాయన వైపు తిరిగి, ఇప్పుడేం చేయాలన్నట్టు చూశాడు. మూడేళ్ళుగా ఎర్ర లైటు వెలిగాక ఏం చేయాలో మాత్రమే ఆయనకు తెలుసు.

చీటీ వచ్చింది. కవరు విప్పి బూట్లు బల్ల మీద పెట్టాడు. లేసులు కూడా ఉతికి చుట్టి పెట్టి ఉన్నాయి. పెద్దాయన సంతకం తీసుకుని, బెంచీ కింద నుంచి చెప్పుల జత లాగి, నేలకు రెండుసార్లు కొట్టి దుమ్ము దులిపి ముందు పెట్టాడు. తోలు బిగుసుకుపోయింది, అయినా ఆయన కాళ్ళకు పట్టాయి. కాంట్రాక్టరు మర్నాటి నుంచి పనికి రమ్మన్నాడని పెద్దాయన చెప్తే తల ఊపాడు. ఈ మిషన్ రాసింది ఈ అమ్మే అని కూడా పెద్దాయన చెప్పేశాడు. నేను పారిపోదామనుకునే లోపల ఆయన నా ముందుకు వచ్చాడు.

“అమ్మా, ఒక మాట అడుగుతాను, కోపం చేసుకోవద్దండ. ఇన్ని దినాలూ ఆ ఎర్ర లైటు కాడ ఏమో రాసి ఉన్నింది. తమిళ అక్షరాలు కూడబలుక్కోని చదివినాను, అది ఏం మాటో తెలీలేదు. ఎవుర్నీ అడగలేకపోయినాను. నన్ను ఏం పట్టీలో పెట్టినారమ్మా?”

నోరు తెరిచాను. రోజుల తరబడి ఆ మాట కోసం నేను పోట్లాడాను. అది ఎవరినీ నొప్పించదని ఓనరుతో, ఆ పిల్లతో, అద్దంలో నాతో నేను వాదించాను. ఒట్టి మాట, రెండు ముక్కలు. ఆ మనిషి మొహం చూస్తూ ఆ రెండు ముక్కలూ నా నోటికి రాలేదు.

“నిలిపినోళ్ళ పట్టీలో అప్పా. ఇప్పుడు దినం అయిపోయింది.”

“అంతేనా అమ్మా?”

“అంతే.”

ఆయన ఊపిరి వదిలి, ఒక చేత్తో మొహం తుడుచుకున్నాడు.

“దొంగ అని రాసినారేమో అనుకుంటి. ఇంట్లో కూడా జెప్పలేదు.”

నాకు ఏడుపొచ్చింది. కోపం, నవ్వు, ఏడుపు, ఈ మూడూ ఒకేసారి రావడం నాకు అదే మొదలు. పేరు దిగినా, పరారీ అన్న మాట పాత లెక్కల్లో ఎక్కడో ఇంకా ఉంటుందని గుర్తొచ్చింది. దినం అయిపోయిన పేర్ల పక్కన కారణం కూడా చెరిగిపోయేలా ఆ మధ్యాహ్నమే రాశాను, ఈసారి ఎవరినీ అడగలేదు.

పెద్దాయన సీసాలోంచి మజ్జిగ పోసి ముందు ఆ మనిషికిచ్చాడు. ఆయన తాగి గ్లాసు కడిగి తిరిగి ఇస్తే, పెద్దాయన తాగాడు, తర్వాత కృష్ణగిరి అమ్మాయి తాగింది. ఇన్నాళ్ళ పోట్లాటలో గెలుపు అంతా తన చేతిలో ఉంది, ఆ పిల్ల ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. గ్లాసు నింపి నాకు అందించింది.

ఆ మజ్జిగ తాగాక ఆయన తప్పు ఎవరూ ఎత్తకూడదు. నాది ఎత్తవచ్చు, అందుకే ఇదంతా రాశాను.